వారాంత విహార వాక్యానికి టీకా తాత్పర్యం

అవతారిక

దసరా పోయి కార్తీకం దగ్గరపడేసరికి బెంగళూరి చుట్టుపక్కల ఊళ్లకు ఎక్కడలేని గౌరవం పుట్టుకొస్తుంది. ఆదివారం అనుబంధాల్లో, ఫోన్లలో, కారు షోరూముల గోడల మీద ఒకే వాక్యం వేషాలు మార్చుకుని తిరుగుతుంది. ఎవరు రాశారో తెలియదు. కర్త కనబడని వాక్యాన్ని మీమాంసకులు అపౌరుషేయం అంటారు. ఏటేటా ఊరి పేరు తప్ప అక్షరం మారదు కాబట్టి నిత్యం అనడానికి కూడా అడ్డులేదు. ఇంత ప్రామాణికమైన వాక్యానికి ఇన్నాళ్లూ ఒక వ్యాఖ్య లేకపోయింది. ఆ లోటు తీర్చడానికి పావగడ తాలూకా మంగళవాడ నుంచి ఈ ప్రయత్నం.

శాస్త్రం మొదలుపెట్టేముందు అనుబంధ చతుష్టయం చెప్పడం మర్యాద. అధికారి: కారున్నవాడు. విషయం: మేము. సంబంధం: గూగుల్ మ్యాపు. ప్రయోజనం: ఫోటో.

మూలం

శరద్వారాంతమున, బెంగళూరికి నాలుగు గంటల దూరమున, ఇంకను ఎవరికిని తెలియని ప్రశాంతసీమలో కుటుంబసమేతముగ సేదదీరుడు.

టీక

“కుటుంబసమేతముగ”, “సేదదీరుడు” స్పష్టం. తేలిక మాటలకు అర్థాలు చెప్పి పుటలు నింపే వ్యాఖ్యాతలు వేరే ఉన్నారు.

శరత్: ఆశ్వయుజ కార్తీకాలు. ఈ సంగతి బడిపిల్లలకు తెలుసు. ఆ వాక్యం పక్కన బొమ్మ వేసేవాడికి తెలియదు. అతని బొమ్మలో ఎర్రగా పండి రాలుతున్న మేపుల్ ఆకులుంటాయి. మేపుల్ చెట్టు పావగడలో లేదు, మడకశిరలో లేదు, మధుగిరిలో లేదు. ఇక్కడున్నవి చింత, వేప, కానుగ. వేప ఆకు దులుపుకునేది మాఘ ఫాల్గుణాల్లో. ఆ రుతువు పేరు శిశిరం. శరత్తులో మా వైపు ఆకు రాలేది శెనక్కాయ చేలలో. అది రుతుశోభ కాదు, టిక్కా తెగులు. ముసురు పట్టి నాలుగు రోజులు వదలకపోతే ఆకు మీద మచ్చ పుడుతుంది, ముదిరి నల్లబడుతుంది, కింది ఆకుతో మొదలై పైదాకా రాలుతుంది. వేళకు మందు కొట్టకపోతే పీకేనాటికి కట్టె మిగులుతుంది. ఆకురాలు కాలాన్ని కళ్లారా చూడాలనే రసికులు ఈ చేల గట్టున నిలబడవచ్చు, టికెట్టు లేదు. టిక్కాకు టీక రాసినవారు పూర్వులలో ఎవరూ కనబడరు.

కవుల శరత్తులో మబ్బు విడిపోతుంది, రెల్లు పూస్తుంది, ఏళ్లు తేరుకుంటాయి. మాకు ఏడాదిలో పడే వానలో పెద్ద వంతు సెప్టెంబరు, అక్టోబరుల్లోనే పడాలి. హస్త, చిత్త కార్తెల్లో పదును లేకపోతే దిగిన ఊడ ఊడగానే ఉండిపోతుంది, కాయ ఊరదు. అదే వాన చేను పీకి వామి వేసేవేళ పడితే కాయకు బూజు. పడమంటామా, వద్దంటామా తేల్చుకోలేక మేం తలెత్తి మబ్బుల్ని చూస్తుంటాం. అలా పైకి చూస్తున్న మనిషిని రోడ్డు మీద బండి ఆపి ఫోటో తీసి, కింద “ప్రశాంత గ్రామీణ జీవనం” అని రాస్తారు.

శరత్తులో ప్రయాణం కట్టడం మాత్రం శాస్త్రసమ్మతమే. రఘువంశం నాలుగో సర్గలో రఘుమహారాజు దిగ్విజయానికి బయలుదేరింది ఈ రుతువులోనే. బాటల బురద ఆరింది, నదులు దాటడానికి వీలైనాయి. వంగరాజులను ఆయన పెకలించి మళ్లీ వాళ్ల స్థానాల్లోనే నిలబెట్టిన తీరును కాళిదాసు వరినారు నాట్లతో పోల్చాడు. మన నగర దిగ్విజయులు మొదటి సగం పాటిస్తున్నారు. గట్టు పక్కన బండి ఆపి శెనక్కాయ చెట్టు పీకుతారు.

“ఏమప్పా, చెట్టు పీకితే యెట్ల? ఇంకా కాయ ఊరలేదు.”

“ఒక్కటే కదా అంకుల్, పిల్లలకు చూపిద్దామని.”

ఒక్కటే. శనివారం ఎన్ని బండ్లు, ఆదివారం ఎన్ని బండ్లు, రోడ్డు పక్క సాళ్లెన్ని అనే ప్రశ్న గణితానికి చెందుతుంది, అలంకారశాస్త్రానికి కాదు. కాబట్టి ముందుకు పోతున్నాం.

వారాంతమున: నగరవాసికి వారాంతం శనివారంతో మొదలవుతుంది, అంటే శనితో. పావగడ శనిమహాత్ముని గుడి సంగతి బెంగళూరిలో తెలియనివారు తక్కువ. శనివారం తెల్లారకముందే బస్సు దిగుతారు, నూనె దీపం పెడతారు, ప్రదక్షిణాలు చేస్తారు, చిత్రాన్నం తింటారు, సాయంత్రం బస్సుకు పోతారు. ఎప్పటి నుంచో వస్తున్నారు. వీళ్లను ఎవరూ విహారయాత్రికులు అనలేదు, వీళ్లూ అనుకోలేదు. వీళ్లమీద ఈ వ్యాఖ్యాతకు ఏ అభియోగమూ లేదు. గ్రహాల్లో శనికి మందుడని పేరు. సూర్యుణ్ణి ఒక్క చుట్టు చుట్టడానికి దాదాపు ముప్పై ఏళ్లు తీసుకుంటాడు. సూర్యోదయం చూద్దామని అర్ధరాత్రి లేచి, నందికొండ ఘాట్ రోడ్డు మీద కార్ల వరసలోనే ఉదయాన్ని గడిపేవాళ్లకు, వాళ్లు ఒప్పుకోకపోయినా, ఇష్టదైవం ఆయనే.

నాలుగు గంటల దూరమున: ఇక్కడ పాఠాంతరాలు ఉన్నాయి. “మూడు గంటల” అని కొన్ని ప్రతులు, “మూడున్నర” అని కొన్ని. గొరగుంటెపాళ్య సిగ్నలు దగ్గర నిలబడి ఎరగని లేఖకులు చేసిన సవరణలివి. “నాలుగు” గ్రాహ్యం. శుక్రవారం సాయంత్రం బయలుదేరేవారికి “ఆరు” అనే పాఠమే సంప్రదాయం.

పాఠభేదాన్ని చిన్నవిషయమని కొట్టిపారేయకూడదు. మేఘసందేశంలో యక్షుడు మబ్బును చూసింది ఆషాఢం మొదటిరోజునా, చివరిరోజునా అనే దానిమీద వ్యాఖ్యాతలు తగవులాడుకున్నారు. శ్రావణం దగ్గరపడిందని కవి అన్నాడు కాబట్టి చివరిరోజే కావాలని ఒక పక్షం అక్షరమే మార్చి చదివింది. మన మెదక్ సీమ మనిషి, కోలాచలం మల్లినాథసూరి, మొదటిరోజు పక్షాన నిలబడ్డాడు. ఆధారం లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ ఆయన ప్రతిజ్ఞ. మేము అలాంటి ప్రతిజ్ఞ ఏదీ చేయలేదు.

చేయలేదు గనుకనే చెబుతున్నాం: వారాంత విహారశాస్త్రానికి ఆదిగ్రంథం మేఘసందేశమే. యక్షుడు ఉద్యోగి. కుబేరుడి కొలువులో ఏమరుపాటు చూపించి ఏడాది బహిష్కారం తెచ్చుకున్నాడు. ఎనిమిది నెలలు రామగిరిలో గడిచాయి, నాలుగు మిగిలాయి. ఆ నాలుగు నెలలు గడవని మనిషి చేసిన పని ఏమిటి? దారి చెప్పడం. మబ్బుకు కొండమల్లెలతో అర్ఘ్యమిచ్చి, సందేశం తర్వాత, ముందు దారి విను అన్నాడు. పూర్వమేఘమంతా ఆ దారే. ఇక్కడ కొండమీద కూర్చుని అలుపు తీర్చుకో, ఇక్కడ రేవానది కనబడుతుంది, ఇక్కడ వేత్రవతి నీళ్లు తాగు. ఉత్తరానికి పోయేవాడికి ఉజ్జయిని వంకరదారి, అయినా సరే, ఉజ్జయిని మేడలు చూడకపోతే కళ్లుండి వ్యర్థమన్నాడు. పెట్రోలు తనది కాకపోతే ఎవరైనా ఇలాగే దారి చెబుతారు. ఇంకా లోతైన సంగతి, శాపవిమోచనం ఎప్పుడు? విష్ణువు శేషతల్పం మీద నుంచి లేచినప్పుడు, అంటే కార్తీక శుద్ధ ఏకాదశికి. ఆ తర్వాత భార్యతో కలిసి ఏ రాత్రులను అనుభవించాలని యక్షుడు ముందే నిశ్చయించుకున్నాడు? నిండు శరత్కాలపు వెన్నెల రాత్రులను. శరత్తు సెలవును నాలుగు నెలల ముందు బుక్ చేసుకున్న మొదటివాడు ఇతడే. మల్లినాథుడు ఈ కోణం తాకినట్లు లేదు. ఆ రోజుల్లో కోలాచలానికి బండ్లు వచ్చేవి కావు.

అయితే యక్షుడి యాత్రికుడికీ మన యాత్రికుడికీ ఒక్క తేడా ఉంది. ఆ మబ్బు పోయినచోటల్లా నీళ్లిచ్చి పోయింది. ఆమ్రకూటం మీద కార్చిచ్చు ఆర్పింది. పంట దానిమీదే ఆధారపడింది కాబట్టి పల్లె ఆడవాళ్లు దాన్ని ఎంత ప్రేమగా చూస్తారో కాళిదాసు చెప్పాడు. హస్తకార్తెలో మా ఆడవాళ్లూ మబ్బును అలాగే చూస్తారు. కారును ఇంతవరకు ఎవరూ అలా చూడలేదు. కారు పోయాక గట్టుమీద నీళ్ల సీసాలుంటాయి, ఖాళీవి.

ఇంతకూ చెప్పుకుంటున్నది దూరం. ఇది ఒకవైపు కొలత. పావగడ నుంచి బెంగళూరు నూటయాభై కిలోమీటర్ల పైచిలుకు. అటు నుంచి కొలిస్తే విహారం. ఇటు నుంచి కొలిస్తే, మా పిల్లలు ఆదివారం రాత్రి బస్సులో నిలబడి పోయే దూరం. తెల్లారేసరికి పీణ్యలో దిగి షిఫ్టుకు పోతారు. కాన్పు కష్టమైందని పెద్దాసుపత్రికి రాసిస్తే, అంబులెన్సులో ఆ ఆడపిల్ల ఓర్చుకోవలసిన దూరం అదే. పావగడ మీదుగా పోవలసిన తుమకూరు–రాయదుర్గం రైలుదారి 2007–08లో మంజూరైంది. ఆ ఏడాది పుట్టిన పిల్లలు ఓటుకు వచ్చారు, తుమకూరు దిక్కు పని ఇంకా సాగుతూనే ఉంది. ఈ దూరానికి ఎవరూ బొమ్మ వేయరు.

ఇంకను ఎవరికిని తెలియని: ఈ పదం దగ్గర వ్యాఖ్యాతకు కోపం వస్తుంది, పాఠకులు మన్నించాలి.

పూర్వపక్షం: “ఎవరికిని” అన్నది అతిశయోక్తి, తెలిసినవారు తక్కువ అని భావం.

కాదు. నిడుగల్లు కొండను రాజధాని చేసుకుని, ఆ పేరుతోనే ఒక చోళశాఖ ఏలింది, వాళ్లకు తెలుసు. ఉత్తర పినాకిని ఒడ్డున నాగలమడికె సుబ్రహ్మణ్యుణ్ణి అంత్య సుబ్రహ్మణ్యుడంటారు. కుక్కె ఆది, ఘాటి మధ్య, ఇది చివర. తేరుకు వచ్చే జనానికి తెలుసు. లేపాక్షి గుడిలో నేలకు ఆనీ ఆనని స్తంభం కింద తువ్వాలు దూర్చే ప్రతివాడూ అది తనే కనిపెట్టినట్లు వీడియో తీస్తాడు. విరుపణ్ణ, వీరణ్ణ అన్నదమ్ములు అచ్యుతరాయల కాలంలో ఆ గుడి కట్టించారు, అప్పుడు దానికింద ఏముందో చూసుకునే ఉంటారు. ఇక మంగళవాడ. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, తాలూకాకు మూడు దిక్కులా ఆంధ్రా సరిహద్దు. విజయదశమికి రాజులు చేసే సీమోల్లంఘనం మా తాలూకాలో చాలామంది సంతకు, సంబంధాలకు ఎప్పుడూ చేస్తుంటారు. మేం ఒకరికొకరం తెలుసు. ఓట్లప్పుడు రెండు పార్టీలకూ ఇంటింటా ఎంతమందో తెలుసు.

సిద్ధాంతం: “ఎవరికిని” అనే సర్వనామంలో ఇక్కడ కాపురమున్నవారు చేరరు. కాపురమున్నవారు చేరకపోవడం ఈ వాక్యంలో దోషం కాదు, దాని ప్రయోజనమే అది.

ప్రశాంతసీమలో: ప్రశాంతతకు తాలూకాలో గొప్ప ఉదాహరణ తిరుమణి వైపు ఉంది. తిరుమణి, వళ్లూరు, బలసముద్రం, రాయచెర్లు, క్యాతగానచెర్లు గ్రామాల పొలాల్లో సుమారు 13,000 ఎకరాలమీద 2,050 మెగావాట్ల సౌరవిద్యుత్తు పార్కు. 2018లో మొదలైంది. భూమి అమ్మించలేదు, కౌలుకు తీసుకున్నారు, మొదట ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలు. కరువుసీమలో వానతో పనిలేని రాబడి అది, భూమి ఉన్నవాడికి మేలే జరిగింది, కాదనము. భూమి లేనివాడికి కలుపు కూలి పోయింది, మేకలకు మేత పోయింది. ఇప్పుడు అక్కడ చాలా ప్రశాంతం. నల్లటి పలకలు కొండలదాకా పరుచుకుని ఉంటాయి, చేలో మనుషులుండరు. డ్రోను ఎగరేసేవాళ్లకు అడ్డు తక్కువ.

ఇక బోరు నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువై, పిల్లల పళ్లకు గార పట్టే తాలూకా ఇది. ఇలాంటి సీమలకు విహారానికి వచ్చేవాళ్లు అడిగే మొదటి సౌకర్యం స్విమ్మింగు పూలు. దీనికి టీక అవసరం లేదు.

తాత్పర్యం

బెంగళూరిలో ఊపిరాడడం లేదని బెంగళూరివారు తమలో తాము చెప్పుకుంటున్న మాట ఇది. ఇందులో మా ఊరి వర్ణన ఏమీ లేదు. రాదలచుకున్నవారు రండి. రోడ్డుమీద రాగులో ఉలవలో పరిచి ఉంటే హారను కొట్టకుండా ఒక్క నిమిషం ఆగండి, ఒక పక్కకు ఊడ్చి దారి ఇస్తారు. తెచ్చుకున్న సీసాలు వెనక్కు తీసుకుపోండి. శెనక్కాయలు కావాలంటే చేలో ఉన్న మనిషిని అడగండి, పచ్చికాయ దోసెడు ఊరికే ఇస్తాడు. చెట్టు మాత్రం పీకవద్దు.