విచ్చన్న ఇంగ్లీషు

చందుర్తిలో బస్సు దిగి ఏ చాయ్ హోటల్లో కూర్చున్నా కాసేపట్లో విచ్చన్న వస్తాడు. అసలు పేరు అడగకండి. ఈ రకం మనిషికి చందుర్తిలో ఒక పేరుంటే రుద్రంగిలో ఇంకోటి, కోరుట్లలో మరోటి. గల్ఫ్‌కు మనుషులను పంపిన ప్రతి ఊళ్లోనూ ఒకడుంటాడు. అరవై దాటిన వయసు, జేబులో రెండు పెన్నులు, అందులో ఒకటి రాయదు. చంకలో ప్లాస్టిక్ ఫైలు. దుబాయిలో ఓ కంపెనీ స్టోర్‌లో పెట్టెలు లెక్కపెట్టి వచ్చాడు. లెక్క అక్కడే వదిలేసి ఇంగ్లీషు మాత్రం వెంట తెచ్చుకున్నాడు. బ్యాంకు దరఖాస్తు మొదలు కంపెనీకి సెలవు చీటీ దాకా ఊరికి రాసిపెట్టేది ఆయనే.

ఆయన ఇంగ్లీషంతా రెండు మాటల మీద నడుస్తుంది: ‘విచ్’, ‘వెరీ’. ఎవరి ఊరు ఎక్కడో రాయమంటే చాలు: “చందుర్తి మండల్, విచ్ వాజ్ ఇన్ కరీంనగర్ డిస్ట్రిక్ట్, విచ్ ఈజ్ వెరీ వెరీ బిగ్, విచ్ ఈజ్ నౌ రాజన్న సిరిసిల్ల డిస్ట్రిక్ట్...” 2016 దసరా నాడు జిల్లాలు విడగొట్టినప్పుడు ఊళ్లో అందరికంటే ఎక్కువ సంబరపడ్డది విచ్చన్నే. అడ్రసుకు ఇంకో విచ్ కలిసొచ్చింది.

నవ్వేముందు ఒకసారి మన తెలుగును చూసుకోవాలి. ‘నిన్న వేములవాడ నుంచి అచ్చిన బస్సుల కూసున్న అవ్వ పట్టుకున్న సంచిలున్న కోడి’ అంటాం. అసలు సంగతి కోడి. బస్సు, అవ్వ, సంచి అన్నీ దిగాక గానీ అది బయటికి రాదు. ఇంగ్లీషువాడు ముందు కోడిని చూపిస్తాడు, తర్వాత ‘విచ్’ అని సంచిని, ‘హూ’ అని అవ్వను, మళ్లీ ‘విచ్’ అని బస్సును వెనక తగిలిస్తాడు. మనకా హూలూ విచ్‌లూ అక్కర్లేదు. ‘అచ్చిన’, ‘పోయిన’, ‘కూసున్న’ అంటే పని అయిపోతుంది. చిన్నయసూరి వీటిని ధాతుజ విశేషణాలన్నాడు. ఆర్డెన్ దొర ఇంగ్లీషువాళ్ల కోసం 1873లో తెలుగు వ్యాకరణం రాసినప్పుడు, వాళ్ల హూలూ విచ్‌లూ తెలుగులో ఎట్లా మాయమవుతాయో చెప్పడానికి పేజీలు ఖర్చు పెట్టాల్సి వచ్చింది. మనవాళ్లు అటు పోతే తడబడరా మరి.

విచ్చన్నకు మొదటి దెబ్బ ఇంట్లోనే తగిలింది. సర్కారు బడుల్లో 2022 నుంచి ఇంగ్లీషు మీడియం వచ్చింది గదా, పక్కింటి పిల్ల హోంవర్కు పట్టుకుని వస్తుంటుంది. ఆయన భార్య గడపలో కూర్చుని, ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చేస్తోంది. ఈయన పిల్లకు ఉదాహరణ ఇచ్చాడు: “మై వైఫ్ విచ్ ఈజ్ మేకింగ్ బీడీ.”

“తాతా, మనిషికి హూ రావాలె. విచ్ వస్తువులకు, గొడ్లకు” అంది పిల్ల.

చాటలో చెయ్యి ఆగింది. తంబాకు పోసిన ఆకు చుట్టకుండానే ఆమె తలెత్తింది. “అంటే ఏందయ్యా, నన్ను గొడ్లల్ల జమకట్టినవా?”

“అగో, నేనేడ జమకట్టిన? తెలుగుల ఆవు అచ్చింది అంటం, నువ్వచ్చినా అచ్చింది అంటం. ఇంగ్లీషుల ఏరువెట్టుడు ఎందుకని ఊకున్న.”

“గా ఏరీ ఏరీ బందువెట్టి తునికాకు తడుపు పో.”

ఆకు తడుపుతూ కూడా ఆయన ఒప్పుకోలేదు. నిజానికి ఆయన వాదనలో పస ఉంది. ఏకవచనంలో మన క్రియ ఆడమనిషినీ ఆవునూ ఒకే ‘ది’తో ముగిస్తుంది. ఆ తప్పు వ్యాకరణానిది, విచ్చన్నది కాదు. బీడీలు చుట్టే ఇంట్లో ఈ మాట చెప్పే ధైర్యం మాత్రం నాకు లేదు.

ఇక ‘వెరీ’. మన ‘చాలా’ దేనికైనా అతుకుతుంది: చాలా మంచోడు, చాలా తిన్నడు, చాలా మంది. ‘బగ్గ’ అయితే చెప్పే పనే లేదు. ఇంగ్లీషులో వెరీ గుణం పక్కనే నిలబడుతుంది, క్రియ పక్కకు పోదు. విచ్చన్న మాత్రం “ఐ వెరీ లైక్ మటన్” అంటాడు. ‘టూ’ దగ్గర ఇంకా ప్రమాదం. టూ అంటే మితిమీరిందని. మండలానికి కొత్తగా వచ్చిన ఒక ఆఫీసరుకు శాలువా కప్పి, మైకులో “సార్ ఈజ్ టూ హానెస్ట్” అన్నాడు. ఇంత నిజాయితీ పనికిరాదన్నట్టు అయింది. ఆఫీసరుకూ అంతే ఇంగ్లీషు వచ్చు గనక నమస్కారం పెట్టాడు.

అయినా బలం చేర్చే మాటలకు నీతి ఎక్కడిది? ఇంగ్లీషువాడు భయంకరమనే మాటతోనే ‘ఆఫుల్లీ గుడ్’ అంటాడు. మన పిల్లలు సినిమా నచ్చితే ఖతర్నాక్ అనరా?

ఆ పిల్ల పుణ్యమాని విచ్చన్న మనుషులకు ‘హూ’ వాడటం మొదలుపెట్టాడు. అక్కడే అసలు ముప్పు వచ్చింది. మస్కట్‌లో పనిచేసే ఒక పిల్లగాడు సెలవు పొడిగించమని చీటీ రాయించుకున్నాడు: “మై వైఫ్ హూ ఈజ్ ఇన్ చందుర్తి ఈజ్ వెరీ సీరియస్.” ఒక్క కామా లేదు. కంపెనీలో కేరళ గుమాస్తా ఫోన్ చేసి రెండు ప్రశ్నలు అడిగాడట: మిగతా భార్యలు ఏ ఊళ్లలో ఉన్నారు? ఈమె ఎందుకు నవ్వదు? కామాలు లేకపోతే ఆ ‘హూ’ ఎంపిక చేస్తుంది, అంటే పలువురిలో చందుర్తిలో ఉన్నామె అని. భార్య పక్కన ఒకటి, ఊరి పక్కన ఒకటి కామా పెడితే, ఉన్న ఒక్కామె ఎక్కడుందో చెప్పినట్టు. జబ్బుకు ‘సీరియస్లీ ఇల్’ అనాలి. ఒట్టి సీరియస్ అంటే మొహం ముడుచుకుందని. సెలవు దొరికింది గానీ, ఆ పిల్లగాని పెండ్లాం వారం రోజులు నిజంగానే సీరియస్‌గా ఉంది.

విచ్చన్న మారలేదు. దుబాయిలో ఫోర్‌మ్యాన్ ‘ది మ్యాన్ ఐ మెట్’ అని హూ మింగేసి మాట్లాడేవాడని ఇప్పటికీ ఆక్షేపిస్తాడు. “చదువుకోలే వాడు” అంటాడు.

మీకు దరఖాస్తు పని పడితే ఆయన దగ్గరికే పోండి, పైసలు అడగడు. రాశాక భార్య పేరుకు అటూ ఇటూ కామాలు ఉన్నాయో లేవో మీరే చూసుకోండి. చాయ్‌లో చక్కెర ‘టూ మచ్’ అన్నాడని గ్లాసు వెనక్కి తీసుకోకండి, సరిపోయిందని ఆయన ఉద్దేశం.