తెల్లబడిన పసుపుతాడు

పెదనాన్న పోయిన తొమ్మిదో రోజున, దండ వేయడానికి ఒక ఫ్రేము కట్టించుకొద్దామని ఆయన ఫోటో పట్టుకుని స్టూడియోకి వెళ్లాను. సాయంత్రం చేతికిచ్చిన ఫ్రేములో ఎవరో పెద్దమనిషి ఉన్నాడు. కండువా పెదనాన్నదే, మీసమూ పెదనాన్నదే. యాభై ఏళ్లు మిర్చి కల్లాల్లో ఎండకి కాగిన ఆ మొహం మాత్రం ఇడ్లీపిండి రంగులో మెరిసిపోతోంది. ఎడమ కనుబొమ్మ మీద ఎద్దు కొమ్ము తగిలిన గాటు కూడా మాయమైంది. "ఇదేంటి బాబూ?" అన్నాను. కుర్రాడు నొచ్చుకున్నాడు. "కలర్ కరెక్షన్ చేశామండీ. దానికి ఎక్స్‌ట్రా కూడా తీసుకోలేదండీ."

ఉచితం అన్నాక ఇంకేం మాట్లాడతాం! కానీ ఆ 'కరెక్షన్' అన్న మాట ఇంటిదాకా నా వెంటే వచ్చింది. కరెక్షన్ అంటే తప్పు దిద్దడం. పెదనాన్న మొహంలో ఒక తప్పుందని ఆయన్ని కన్నవాళ్లకి తెలియలేదు, కట్టుకున్న పెద్దమ్మకి తెలియలేదు, అప్పులిచ్చిన కమీషన్ వ్యాపారికి కూడా తెలియలేదు. మౌసు పట్టుకున్న రెండు నిమిషాల్లో ఆ కుర్రాడు కనిపెట్టాడు.

కలర్ కరెక్షన్ అనే పని అసలంటూ లేకపోలేదు, పైగా మంచి పని. ఎర్ర షామియానా కింద ఫోటో తీస్తే అందరికీ జ్వరం వచ్చినట్టుంటుంది. రిసెప్షన్ స్టేజీ మీద నీలం, గులాబీ ఎల్‌ఈడీలు వేస్తే పెళ్లికొడుకు సగం శివుడూ సగం సిరప్పూ అవుతాడు. ఆ తప్పు లైటుది. దాన్ని దిద్దడానికి బూడిదరంగు కార్డు ఒకటుంది, మొహం పక్కన పట్టుకుని ముందు ఒక ఫోటో తీసుకుంటే చాలు. అదీ లేదంటే తెల్లపంచె తెల్లగా ఉందా, జుట్టు నల్లగా ఉందా అని చూసుకుంటే మొహం దానంతటదే దారికొస్తుంది. సినిమాల్లో రంగులు సరిచేసేవాళ్ల తెర మీద వెక్టార్‌స్కోప్ అని ఒక గుండ్రటి పటం ఉంటుంది. అందులో ఎరుపుకీ పసుపుకీ నడుమ ఒక గీత. నల్లవాళ్లయినా తెల్లవాళ్లయినా చామనఛాయ వాళ్లయినా, మనుషుల చర్మం దాదాపు ఆ గీత చుట్టూనే పడుతుంది. తేడాలన్నీ ఎక్కువగా వెలుతురు పాళ్లలోనే. అంటే మా కుర్రాడు దిద్దింది రంగు కూడా కాదన్నమాట. రంగు ఎక్కడుందో అక్కడే ఉంది, సున్నం మాత్రం వేశాడు.

మన స్టూడియోల్లో నడిచే వ్యవహారం దీనికి సరిగ్గా తలకిందులు. లైటు తప్పు అలాగే ఉంటుంది, మొహాన్ని దిద్దుతారు. నమ్మకం లేకపోతే మీ ఇంట్లో బీరువా మీదున్న కరిజ్మా ఆల్బం దించండి. మా మేనకోడలి పెళ్లి ఆల్బంలో నాకు కనపడిన సంగతి చెబుతాను. సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో రంగుకీ ఒక్కో మీట ఉంటుంది. మన చర్మం ఎక్కువగా నారింజ మీట కిందికీ, కొంత పసుపు మీట కిందికీ వస్తుంది. పిల్లని తెల్లగా చేయాలంటే ఆ రెంటినీ పైకి జరపాలి. ఎడిటింగ్ చేసినాయన జరిపాడు. ఆ మీటలకి పిల్ల చెంప ఏదో, పసుపుకొమ్ము ఏదో తెలియదు కదా. పిల్లతోపాటు పసుపుతాడూ తెల్లబడింది, పూలదారంలా ఉంది. ఇరవై నాలుగు కాసుల బంగారం గిల్టు నగల్లా పాలిపోయింది. నెత్తిమీద జీలకర్రా బెల్లం చూస్తే ఉప్మా ముద్ద పెట్టారేమో అనిపిస్తుంది. లక్షలకి లక్షలు పోసి కొన్న నగలు వెలవెలబోయినా వియ్యపురాలు పల్లెత్తు మాటనలేదు. "కోడలు ఎంత బాగా పడిందో" అంది.

కొందరు తెలివైనవాళ్లు మొహం ఒక్కటే వేరుగా చుట్టి తెలుపు చేస్తారు. ఆ ఫోటోల్లో మొహం ఒక ఊరిది, మెడ ఒక ఊరిది, గోరింటాకు పెట్టుకున్న చేతులు మూడో ఊరివి.

స్టూడియో ఆయన్ని అడిగితే "మేమేం చేస్తామండీ, కస్టమర్లే అడుగుతారు" అంటాడు. అందులో అబద్ధం లేదు. "పిల్ల కాస్త వెలుగ్గా కనపడేట్టు చెయ్యి బాబూ" అని చెప్పిన అత్తయ్య మన ఇంటి మనిషే. మన భాషలో నలుపుకి 'నలుపు' అనే మాటే లేనట్టు, 'రంగు తక్కువ' అంటాం. నలుపేమన్నా కిరాణా సరుకా, తూకంలో తక్కువ పడటానికి? 'నలుపు నారాయణుడు మెచ్చు' అనే సామెత మాత్రం కంఠతా వచ్చు. ఆ నారాయణుడు పెళ్లిచూపులకి రాడన్న ధీమా కాబోలు. తిరుమల కొండ మీద నల్లరాతి మూలవిరాట్టు ముందు చేతులు జోడించి, కొండ దిగి బయోడేటా ఫోటోకి మూడు పాయింట్లు వెలుతురు పెంచమంటాం. ఆ ఫోటో చూసి వచ్చిన అబ్బాయి తాలూకు వాళ్లు ఎదురుగా పిల్లని చూసి, కాఫీ గ్లాసు చేతిలో ఉండగానే "ఫోటోలో..." అని ఆగిపోతారు. ఆ ఆగిపోయిన మాట పిల్ల చెవిలో ఎన్నేళ్లుంటుందో ఏ సాఫ్ట్‌వేరూ లెక్కకట్టదు.

2020లో ఫెయిర్ అండ్ లవ్లీ తన పేరులో 'ఫెయిర్' తీసేసింది. అదే ఏడు షాదీ డాట్ కామ్ ఒంటిరంగుని బట్టి సంబంధాలు వడకట్టే మీట ఎత్తేసింది. మనం చప్పట్లు కొట్టాం. సంబంధాల సైట్లో పోయిన ఆ మీట స్టూడియోలోనూ జేబులోని ఫోన్లోనూ నిక్షేపంగా ఉంది. సెల్ఫీకని ఫోన్ ఎత్తితే చాలు, కొన్నిట్లో అడక్కుండానే పౌడరు రాస్తుంది.

పాపం, ఈ తెలుపు పిచ్చి మన ఒక్కరిదే అనుకోకండి. 1950లలో కొడాక్ కంపెనీ ఫోటో ల్యాబులకి నమూనా కార్డులు పంపేది. తెల్లటి అమ్మాయి బొమ్మ, దాని పేరే 'షెర్లీ కార్డు'. ఆ అమ్మాయి చర్మం బాగా వస్తే ప్రింటులో రంగులు సరిగ్గా ఉన్నట్టు లెక్క. నల్లవాళ్ల మొహాలు అందులో పళ్లూ కళ్లూగా మిగిలేవి. కొడాక్ ఫిల్ముని మార్చింది ఎవరి ఫిర్యాదులకో తెలుసా? చాక్లెట్ కంపెనీలవీ, కలప సామాను వాళ్లవీ. తమ సరుకులో ఒక గోధుమరంగుకీ ఇంకో గోధుమరంగుకీ తేడా తెలియడం లేదని వాళ్లు గోల పెట్టారని ఆ కంపెనీలో పనిచేసినవాళ్లే చెప్పారు. బీరువా రంగు సరిగ్గా పడాలన్న పట్టుదల అమ్మేవాళ్లకి ఉంటుంది. మనకి మన బిడ్డ విషయంలో ఆ పట్టుదల కూడా లేదు.

పెదనాన్న సంగతి మధ్యలో వదిలేశాను. ఆ ఫ్రేము చూసి పెద్దమ్మ "ఈయనెవర్రా?" అంది. పెదనాన్న వేరే ఫోటోల కోసం ఇల్లంతా వెతికాం. అన్నీ ఏదో ఒక పెళ్లిలోవే, అన్నీ కరెక్షన్ అయినవే. చివరికి ఆధార్ కార్డు దొరికింది. అందరూ నవ్వుకునే ఆ ఫోటో, ఆ కేంద్రంలో ఎవరికీ దిద్దే తీరిక లేకపోబట్టి, నల్లగా, చిరాగ్గా, కనుబొమ్మ మీద గాటుతో అచ్చం పెదనాన్నలా ఉంది. దాన్నే పెద్దది చేయించాం, వేరే స్టూడియోలో, ఎదురుగా కూర్చుని, ఏ మీటా ముట్టుకోవద్దని చెప్పి. పెద్దమ్మ రోజూ దానికే పూలు పెడుతోంది. ఇడ్లీపిండి పెద్దమనిషి అటక మీద ఉన్నాడు. తెలిసినవాళ్లెవరైనా ఉంటే వచ్చి తీసుకెళ్లొచ్చు.