బురదకి నీళ్లెక్కడివి?

ఎదుటివాడి పేరు చెడగొట్టడానికి తెలుగులో మాటలకి కరువు లేదు. రచ్చకీడ్చడం, అల్లరిపెట్టడం, అభాండం వేయడం. చాలవన్నట్టు పారసీ నుంచి బద్నాం కూడా తెచ్చుకున్నాం. బద్ అంటే చెడ్డ, నామ్ అంటే పేరు. దాపరికం లేని మాట. పత్రికలకి ముద్దొచ్చేది మాత్రం 'బురద చల్లడం'. ఇది మా పొదిలి వైపు పుట్టిన మాట కాదని ఒట్టేసి చెప్పగలను. మోకాలిలోతు మడిలో నాట్లేస్తూ ఏ డెల్టావాళ్లో కనిపెట్టుంటారు. ట్యాంకరు కోసం బిందెలు వరసలో పెట్టేచోట చల్లడానికి బురదెవడు కలుపుతాడు? అన్ని నీళ్లుంటే తాగుతాం గదా! మాకు తగింది 'దుమ్మెత్తిపోయడం'. సరుకు స్థానికం, ఖర్చు సున్నా, కండువా విదిలిస్తే పోతుంది.

అయినా మన నాయకులు పట్టుదలగలవాళ్లు, నీళ్లు లేకుండానే బురద తయారుచేశారు. వెలిగొండ ప్రాజెక్టుకి 1996లో శంకుస్థాపన. 43.5 టీఎంసీల కృష్ణ వరదనీరు నల్లమల కింద సొరంగాల్లోంచి మార్కాపురం, గిద్దలూరు, కనిగిరి బీళ్లకి రావాలి. 2024 మార్చిలో రెండు సొరంగాలూ జాతికి అంకితం చేశారు. జాతి పుచ్చుకుంది, కాలవ మాత్రం తడవలేదు. ఆపింది మీరంటే మీరని ఇన్నేళ్లూ చల్లుకున్న బురద కాలవలోకి వదిలుంటే ఒక కారు ఆరుతడి పంటన్నా తేలేది.

మామూలోడి పరువు కథ వేరు. "నా పరువు తీశాడు సార్" అని స్టేషనుకెళ్తే ఎస్సై నేరుగా కేసు కట్టడానికి లేదు, మేజిస్ట్రేటు దగ్గర ప్రైవేటు కంప్లయింటు వేసుకోవాలి. వకీలు ఫీజు విన్నాక చాలామంది తమకి అంత పరువు లేదని తేల్చుకుని బస్సెక్కుతారు. పొగాకు వేలంలో బేలుని 'నో బిడ్' అని పక్కకి నెట్టినప్పుడు నలుగురిలో రైతుకి పోయే పరువుకైతే సెక్షనే లేదు.

ఉన్న సెక్షను నిన్నటిదాకా ఐపీసీలో 499, 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయసంహితలో 356. రెండేళ్ల దాకా సాధారణ జైలు, జరిమానా, లేదా రెండూ. ఇవేవీ కాకపోతే కొత్తగా సమాజసేవ. చెప్పింది నిజమైతే చాలదు, లోకం మేలుకోరి చెప్పానని కూడా రుజువు చేసుకోవాలి. (మేలుకి సాక్షుల్ని ఎక్కడ తేవాలో!) ఇవన్నీ ఎలాగో సర్దుకోవచ్చు. నాకు నిద్రపట్టనిది మూడో వివరణ: వ్యంగ్యంగా అన్నా పరువు నష్టం కావచ్చు. చట్టమే ఉదాహరణ కూడా ఇచ్చింది. ఫలానాయన నిజాయితీపరుడు, పక్కాయన గడియారం ఎన్నడూ దొంగిలించలేదు అని, దొంగిలించాడని నలుగురూ నమ్మేలా అంటే నేరమే.

అందుకని, పైన వెలిగొండ గురించి రాసింది వెనక్కి తీసుకుని, ఏ వ్యంగ్యమూ లేకుండా ఇలా సవరిస్తున్నాను. అన్ని పార్టీల నాయకులూ నిజాయితీపరులు. ఆ కాలవలో నీళ్లు వాళ్లెవరూ దొంగిలించలేదు.