ఎత్తక ఛస్తానా!

ఇవాళ పొద్దున్నుంచి నాకు పర్సనల్ లోను ఇస్తామన్నారు, గోల్డు లోను ఇస్తామన్నారు, లేని కారు మీద కూడా లోను ఇస్తామన్నారు. క్రెడిట్ కార్డు ఇస్తామని ఒకరు, ఆ కార్డు పోతే ఆదుకునే ఇన్సూరెన్సు ఇస్తామని ఇంకొకరు. భోగాపురం ఎయిర్‌పోర్టుకి కూతవేటు దూరంలో ప్లాటు ఉందని ఒకాయన చెప్పాడు. వివరాలడిగితే ఆ కూత రైలింజను వెయ్యాలని తేలింది. మోకాళ్ళ నొప్పులకి నూనె అమ్మే ఆవిడైతే, నాకు నొప్పుల్లేవంటే నిజంగానే బాధపడింది. వీళ్ళందరి ఫోన్లూ ఎత్తాను. రెండో రింగు దాకా ఆగకుండా ఎత్తాను. స్నానాల గదిలోంచి సబ్బు నురగతో పరుగెత్తుకొచ్చి మరీ ఎత్తాను.

ఎత్తక ఛస్తానా! పిల్ల ట్రైనింగులో ఉంది.

మా అమ్మడు నేవీలో అగ్నివీర్. ఒడిశాలో ఐఎన్‌ఎస్ చిల్కాలో పదహారు వారాల శిక్షణ. ఫోను ఎప్పుడు పడితే అప్పుడు చేతిలో ఉండే వ్యవహారం కాదది. ఉండకూడదు కూడా, నేనేమీ అనడం లేదు. ఏ ఆదివారమో కాసేపు దొరుకుతుంది. దొరికినప్పుడు దాన్లో చార్జింగు ఉండదు. చార్జింగు ఉంటే సిగ్నలుండదు. అప్పుడు పక్క మంచం పిల్లని బతిమాలి ఆ పిల్ల ఫోను నుంచి చేస్తుంది. పక్క మంచం ఒక వారం హర్యానా, ఒక వారం రాజస్థాన్. కాబట్టి మా అమ్మడు ఏ నంబరు నుంచి మాట్లాడుతుందో బ్రహ్మదేవుడికి కూడా ముందుగా తెలీదు. మొదటిసారి చేసినప్పుడు ట్రూకాలర్‌లో 'రింకూ మొబైల్ రిపేర్' అని పడింది. ఆ రోజు నేను ఎప్పటిలా కట్ చేసి ఉంటే?

ప్రభుత్వం నాలాంటివాళ్ళ కోసం ఏర్పాట్లు చెయ్యకపోలేదు. 140తో మొదలైతే అమ్మకాలవాళ్ళు, 1600తో మొదలైతే బ్యాంకు పని మీద చేసేవాళ్ళు అని నంబర్లు విడగొట్టింది. బాగానే ఉంది. కానీ నాకు లోన్లిస్తామనే పిల్లలంతా మామూలు పదంకెల సెల్లు నుంచే చేస్తారు. చూస్తే అచ్చం హర్యానా పిల్ల నంబరే. ఎప్పుడో 1909కి మెసేజ్ కొట్టి పెట్టించుకున్న డీఎన్‌డీని కూడా పీకించేశాను. "అది ఇంట్లోవాళ్ళ ఫోన్లు ఆపదండీ, కంపెనీల ఫోన్లే ఆపుతుంది" అని మా జీడిపప్పు ఫ్యాక్టరీ ఆఫీసులో కుర్రాడు బొమ్మ గీసి మరీ వివరించాడు. వాడికింకా పెళ్ళి కాలేదు.

మొన్న ఒక ఆదివారం ఫోను మోగింది. కొత్త నంబరు. "అమ్మా, తిన్నావా?" అన్నాను, హలో కూడా అనకుండా. అవతల కాస్త ఆగి, "తిన్నాను సార్" అంది లోను పిల్ల. తర్వాత మామూలుగా మీకు ఐదు లక్షలు ప్రీ అప్రూవ్ అయింది అని అందుకుంది గానీ, గొంతులో మునుపటి జోరు లేదు. పగలంతా జనం చేత తిట్లు తినే ఉద్యోగం, తిన్నావా అని ఎవడు అడిగి ఉంటాడు? అప్పటినుంచి నా నంబరు ఆ ఆఫీసంతా పాకిందని నా అనుమానం. ఈ సార్ ఫోను కట్ చెయ్యడు, పైగా భోజనం అడుగుతాడు అని.

ఇంతా చేసి చిల్కా ఎంత దూరం? మాది పలాస. పిల్ల విశాఖపట్నంలో ఇంటర్ చదివిన రోజులకంటే ఇప్పుడే ఇంటికి దగ్గర. సోంపేట, ఇచ్ఛాపురం, బరంపురం దాటాక రైలు కిటికీలో చిలికా సరస్సు మొదలవుతుంది. బాలుగావ్‌లో దిగడమే. మధ్యాహ్నం భోంచేసి రైలెక్కితే సాయంత్రానికి గేటు ముందు ఉండొచ్చు. గేటు ముందే ఉండొచ్చు. ఆమధ్య పని మీద భువనేశ్వర్ పోతూ, ఆ ప్రాంతం వచ్చినంతసేపూ తలుపు దగ్గర నిలబడ్డాను. నీళ్ళు కనిపించాయి. పడవలు కనిపించాయి. పక్షులు గుంపులు గుంపులుగా కనిపించాయి. సైబీరియా నుంచి వచ్చిన పక్షి ఏ పర్మిషనూ లేకుండా అక్కడ దిగొచ్చు. పలాస నుంచి వచ్చిన తండ్రి దిగకూడదు.

సరే, బయటివాళ్ళ ఫోన్లతోనే అయితే పడేవాణ్ణి. అసలు శత్రువులు ఇంట్లోవాళ్ళు. ఆదివారం పది దాటితే చాలు, మా అప్ప మొగుడు ఫోను చేస్తాడు.

బావగారు పంచాయతీరాజ్‌లో పనిచేసి రిటైరయ్యాడు. ఆయన చిన్నతనంలో వాళ్ళ మావయ్య ఒకాయన సుబేదారు. సెలవుకొచ్చినప్పుడల్లా ఆకుపచ్చ ట్రంకుపెట్టెలో బట్టల కింద రెండు సీసాలు తెచ్చేవాడట. ఆ సీసా మూత తీసినప్పుడు వీధిలో పెద్దమనుషులు ఎవరెవరు ఏ వరసలో కూర్చునేవారో బావగారు ఈనాటికీ పేర్లతో సహా చెబుతాడు. మిలిటరీ సరుకంటే ఆయనకి మందు కాదు, ఔషధం. జలుబు చేస్తే మిలిటరీ సరుకు, నడుం పడితే మిలిటరీ సరుకు. తాగినవాడికి మర్నాడు తల నొప్పి రాదు, పక్కనున్నవాడికి కూడా రాదు. సైనికుల క్యాంటీన్ 1948 నుంచీ సబ్బుల దగ్గర్నుంచి ఫ్రిజ్‌ల దాకా అమ్ముతోందని, అది ఇంటి సామాను కోసం పెట్టిన ఏర్పాటని ఎన్నిసార్లు చెప్పినా ఆయన వినడు. స్వతంత్రం వచ్చిన మరుసటేడాదే పెట్టారంటే ఎంత ముఖ్యమైన వస్తువు కోసం పెట్టుంటారో ఆలోచించమంటాడు.

మొదటి ఆదివారం, మర్యాదగా, అమ్మడి ఆరోగ్యం అడిగాడు. రెండోసారి క్యాంటీన్ కార్డు ఎప్పుడిస్తారని అడిగాడు. ఆ తర్వాత సూటిగానే వచ్చాడు.

"ఏటి బావా, ఆడపిల్లలకీ అదే కోటానా? సగం చేస్తారా?"

"నాకేం తెలుసు బావగారూ."

"సగం చెయ్యకూడదు. సమానహక్కులు." ఆయన ఆడవాళ్ళ హక్కుల గురించి మాట్లాడగా వినడం నాకదే మొదలు. మా అప్ప కూడా పక్కనుంచి విని ఆశ్చర్యపోయి ఉంటుంది. "పైగా మన గుంట తాగదు కదా. తాగనిదాని కోటా అంటే మొత్తం మిగులే! మగపిల్లడైతే సగం వాడే తాగీసేవోడు."

పద్దెనిమిదేళ్ళ పిల్ల గురించా ఈ మాటలు అన్నాను. ఓటుంది కదా అన్నాడు. ఓటుకి పద్దెనిమిది చాలు, మన రాష్ట్రంలో మందు సీసా కొనాలంటే ఇరవయ్యొకటి నిండాలి అన్నాను. అది అనకుండా ఉండాల్సింది. ఫోను అవతల వేళ్ళ మీద లెక్క మొదలైంది. ఇరవయ్యొకటి నిండడానికి ఇంకా మూడేళ్ళు. అగ్నివీరుల సర్వీసే నాలుగేళ్ళు. మిగిలేది?

"ఒక్క ఏడాదా! ఇదెక్కడి స్కీము బావా!"

దేశంలో అగ్నిపథ్‌ని వ్యతిరేకించినవాళ్ళు చాలామంది ఉన్నారు. ఈ కోణంలో వ్యతిరేకించినవాడు మాత్రం మా బావగారొక్కడే. అక్కడితో ఆగాడా? వాళ్ళ రెండోవాడు, ఇంటర్నెట్‌లో చదివి, బ్రిటిష్ నేవీలో ఒకప్పుడు నావికుడికి రోజూ ఇంతని రమ్ము పోసేవారని, 1970 జూలై 31న అది ఆపేశారని, ఆ రోజు నావికులు చేతులకి నల్ల పట్టీలు కట్టుకున్నారని తండ్రికి చెప్పాడట. ఆ ఆదివారం బావగారు నాకు ఫోను చేసి ఆ వార్త నిన్నటి చావు కబురంత దిగులుగా చెప్పాడు. రోజూ పోసేవారు బావా, రోజూ. ప్రభుత్వ ఖర్చుతో. ఆయన ఆ దుఃఖం నుంచి తేరుకునేలోపు నా చెవిలో వెయిటింగ్ కాల్ బీప్ బీప్‌మని కొట్టుకుని, కొట్టుకుని, ఆగిపోయింది.

పెట్టెయ్యండి బావగారూ అని పెట్టేసి చూస్తే కొత్త నంబరు. తిరిగి చేశాను. ఎవరో ఆడపిల్ల ఎత్తింది. నా హిందీ దూరదర్శన్ రామాయణం నాటిది. "పుత్రీ హై?" అన్నాను. ఆ పిల్ల నవ్వాపుకుని, దీదీ చలీ గయీ అంకుల్, లైన్‌లో నిలబడమని విజిల్ వేశారు అంది. హర్యానానో, రాజస్థానో. ఆ పిల్ల కూడా పరుగెత్తాలి కదా మరి, ఫోను పెట్టేసింది. ఆ వారమంతా మా ఆవిడ నాతో అవసరానికి తప్ప మాట్లాడలేదు. బావగారి మీది కోపం చూపించడానికి ఆవిడకి దగ్గర్లో దొరికింది నేనే.

మా అప్పది ఇంకో గొడవ. అగ్నివీర్ నాలుగేళ్ళూ పెళ్ళి చేసుకోకూడదు, చేసుకుంటే ఉద్యోగం పోతుంది అని నోటిఫికేషన్‌లోనే ఉంది. మంచి సంబంధమొకటి చేతిలో పెట్టుకున్న అప్పకి ఇది నేను సృష్టించిన పుకారనిపించింది. "పెళ్ళి చెయ్యొద్దని గవర్నమెంటోళ్ళు రాసిచ్చారా? కాయితం చూపించు" అంది. చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని చదివి, దేశం ఎటుపోతోందంది. ఆవిడ వంటింట్లోకి వెళ్ళగానే మా మేనకోడలు వచ్చి, "మావయ్యా, ఆ కాయితం జిరాక్స్ ఒకటి ఇవ్వవా" అని గుసగుసలాడింది.

ఈ వారం మాత్రం దొరికింది. కొత్త నంబరు. ఈసారి నేను తెలివిగా హలో అన్నాను. "నాన్నా" అంది. గొంతు బొంగురుపోయింది, అరిచి అరిచి. ఈత వచ్చేసిందట. ఊళ్ళో చెరువు గట్టున నిలబడడానికి కూడా భయపడిన పిల్ల. మేజోళ్ళు ఎలా మడతపెట్టాలో చెప్పింది. నాకు ఆ విద్యతో పని లేకపోయినా శ్రద్ధగా విన్నాను. అడగాలని రాసిపెట్టుకున్న కాగితం ఎదురుగానే ఉంది, ఒక్కటీ అడగలేదు. తిన్నావా అన్నాను. "యస్ సర్!" అంది.

ఇద్దరం నవ్వాం. నాకు కొంచెం ఆలస్యంగా వచ్చింది నవ్వు.

ఆ ఫోను పెట్టేసిన కాసేపటికే లోను పిల్ల చేసింది. మంచి మూడ్‌లో ఉన్నాను కదా, మాట్లాడనిచ్చాను. ఎంత వడ్డీ, ఎంత కిస్తీ అని చెప్పుకుంటూ పోయి, "నలభై ఎనిమిది నెలలకి పెట్టమంటారా సార్?" అంది. నోట మాట రాలేదు. మా ఇంట్లో ఆల్రెడీ ఒక నలభై ఎనిమిది నెలల లెక్క నడుస్తోంది. మొదటేడు నెలకి 30,000. అందులో చేతికొచ్చేది 21,000, మిగతాది సేవానిధికి. నాలుగో ఏటికి 40,000. చివర్లో వడ్డీతో కలిపి 11.71 లక్షల దాకా ఇచ్చి పంపిస్తారు. వందలో ఇరవై ఐదుమందిని మించకుండా అట్టేపెట్టుకుంటారు. రోజంతా జీడిపప్పు సంచులు లెక్క రాసేవాణ్ణి, ఈ లెక్క నాకు అర్థం కాక కాదు. 2022 జూన్‌లో ఈ స్కీము ప్రకటించిన మూడు రోజులకి సికింద్రాబాద్ స్టేషన్లో రైలు పెట్టెలు తగలబడుతుంటే ఇంట్లో అందరం టీవీ ముందే ఉన్నాం. అమ్మడప్పుడు పదో తరగతిలో అడుగుపెట్టబోతోంది. ఆ పిల్ల కూడా మంటలే చూస్తోందనుకున్నాను. కింద పరుగెత్తే అక్షరాలు చదువుకుంటోందని నాకెలా తెలుస్తుంది?

మా ఆవిడ అరసవల్లి సూర్యనారాయణమూర్తికి మొక్కుకుంది, ఆ ఇరవై ఐదుమందిలో ఒకత్తిగా మా పిల్ల నిలవాలని. నేనూ పక్కనే నిలబడి దణ్ణం పెట్టాను. పెడుతూ పెడుతూ, నాలుగేళ్ళు అవగానే పిల్ల ఇంటికొచ్చేస్తే బాగుండునని ఇంకో దరఖాస్తు కూడా లోపల్లోపల పెట్టేశాను. వచ్చేస్తే దానర్థమేమిటో నాకు తెలుసు. దాన్ని వద్దనుకున్నారని. పిల్ల వెనకబడితే గానీ తీరని కోరిక తండ్రికి ఉండొచ్చునా? ఉంది మరి. స్వామికి రెండూ అందే ఉంటాయి. ఏది పక్కన పెట్టాలో ఆయన ఇష్టం.

లోను పిల్లకి వద్దని చెప్పాను. తర్వాత బావగారికి నేనే ఫోను చేసి, ఆదివారం పూట ఇక చెయ్యొద్దని, మర్యాదగానే, కొంచెం గట్టిగానే చెప్పాను. ఆయన ఏమీ అనుకోలేదు. నీ బాధ నాకు తెలీదా బావా అన్నాడు. పాసింగ్ అవుట్ పెరేడ్‌కి తను కూడా వస్తానన్నాడు, అమ్మడిని కళ్ళారా చూసి దీవించడానికే, ఇంకెందుకూ కాదట. రండి, చాలా బాగుంటుందట అన్నాను. 2023 మార్చిలో మొదటి జట్టు సుమారు 2,600 మంది, అందులో 270కి పైగా ఆడపిల్లలు, ఎక్కడా లేనట్టు పొద్దు గూకాక దీపాల వెలుగులో కవాతు చేశారని చెప్పాను. బావగారు కాసేపు మౌనంగా ఉండిపోయాడు. ఆయన కూడా కదిలిపోయాడనుకున్నాను.

"పొద్దు గూకాక అంటే, బావా, క్యాంటీన్ మూసేస్తారేమో కదా?"