బీర్పూర్ గంగల సొర

నేను సొరను కాదు, వాలుగను. ఈ సంగతి ముందుగాల్నే చెప్పుకుంటే మంచిది. ఒంటి మీద పొలుసు ఒక్కటి లేదు. నోరు తెరిస్తే కంటి వెనుక దాక చీలుతది. దవడల నిండ సన్నటి వాడి పండ్లు, మూతికి రెండు జతల మీసాలు. పగలంత గట్టు కింద బొరియల పండుకొని, చీకటి పడ్డంక వేటకు లేస్త. రవ్వ, బొచ్చె, జెల్ల, ఏది దొరికితే అది. ఏదీ దొరకని నాడు నా జాతి పిల్లలైనా సరే. ఈ తిండి చూసే నన్ను మంచినీళ్ల సొర అన్నరు. పేరు పెట్టినోళ్లు నా నోరు చూసిండ్రు కని, నా ఊరు చూడలే.

నేను పుట్టింది బీర్పూర్ కాడి గోదావరిల. ఈ దిక్కు దాన్ని గంగ అంటరు. ఈ గట్టు జగిత్యాల జిల్లా, ఆ గట్టు మంచిర్యాల జిల్లా, నడుమ కమ్మునూరు వంతెన. కొంచెం దిగువకు పోతే ధర్మపురి నర్సింహస్వామి. వానకాలం గంగ ఎర్రగ పొంగి వాగులల్లకు ఎగదన్నినప్పుడు, మునిగిన గడ్డిల మా అమ్మ గుడ్లు పెట్టింది. అట్ల పొంగని ఏడు మాకు సంతానం కష్టమే.

ఆమధ్య వలల పడ్డ మావోళ్లల్ల ఒకదాన్ని ఒక పోరడు రెండు చేతులతోని ఎత్తి పట్టుకొని ఫోటో దిగిండు. "తాతా, షార్క్!" అని ఒకటే సంబురం. వల ఇప్పుకుంటున్న ముసలాయన తలెత్తకుండనే, "షార్కు కాదుర, వాలుగ. షార్కు ఈడికెట్ల వస్తదిర?" అన్నడు. పోరని కాడ జవాబు లేదు.

జవాబు నాకు తెలుసు. మలుగు చెప్పింది. మలుగంటే పాము తీరుగ పొడుగుండే చేప. సముద్రంల పుట్టి, వేలంత కూడ లేనప్పుడే ఏరు పట్టుకొని ఎగువకు వస్తది. తడి రాళ్ల మీద పాక్కుంట ఎక్కుతది. ఏండ్లకేండ్లు మంచినీళ్లల్ల బతికి, గుడ్లు పెట్టేటందుకు మల్ల సముద్రానికే పోతది. నా పక్క బొరియల ఉన్న మలుగు చిన్ననాడు కోరంగి మడ అడవులల్ల తిరిగింది. ధవళేశ్వరం దాటినంక గంగ పాయలు పాయలైతదట. పోటు వచ్చినప్పుడు ఉప్పు ఎక్కుతది, పోయినప్పుడు దిగుతది. ఆ కలగలుపు నీళ్లల్ల సొర పిల్లలు పెద్ద సొరల నోటికి దొరకకుండ పెరుగుతయట. పిల్లలను తినేది మా ఒక్క జాతే కాదని తెలిసి నాకు కొంచెం మనసు తేలికైంది. 1979 తర్వాత జాడ లేదనుకున్న పాండిచ్చేరి సొర, పదేండ్ల కింద కాకినాడ దిక్కు గోదావరి నోటికాడ కనబడ్డదని పేపర్లల్ల కూడ వచ్చింది.

మరి ఆడిదాక వచ్చిన సొర ఇంకా పైకి ఎందుకు రాదు? చానా సొరలకు ఒళ్లే అడ్డం. సముద్రపు సొర నెత్తుర్ల యూరియా దాచుకుంటది. అందుకే ఉప్పునీళ్లు దాని ఒంట్ల నీళ్లను గుంజలేవు. అదే మంచినీళ్లకు వస్తే నీళ్లు ఒంట్లకు జొరబడుతయి, ఉప్పు కారిపోతది. బుల్ షార్క్ లాంటి కొన్ని మాత్రం ఈ లెక్క మార్చుకోగలవు. యూరియా తగ్గించుకుంటయి, ఎక్కువైన నీళ్లను మూత్రంగ పారబోస్తయి, మొప్పలతోని ఉప్పును ఒడిసి పడతయి. హుగ్లీల మనుషులను కరిచినయని ఎన్నో ఏండ్ల నుంచి గంగా సొర మీద పడ్డ నిందల్ల చానామట్టుకు ఈ బుల్ షార్కువే అయి ఉంటయని శాస్త్రవేత్తలు అంటరు. ఒకరి పేరు మీద ఇంకొకరు బద్నాం అయ్యుడు నీళ్లల్ల మామూలే, నన్ను చూడుండ్రి.

నికరాగ్వ అనే దేశంల సముద్రానికి దూరంగ పెద్ద చెరువు ఉన్నది. అండ్ల ఈ బుల్ షార్కులు ఏనాడో చిక్కుకపోయి ఉంటయని అనుకునేటోళ్లు. థోర్సన్ అనే ఆయన సొరలకు బిళ్లలు కట్టి వదిలి చూస్తే, అవి సాన్ హువాన్ నది రాళ్లు దాటుకుంట సముద్రానికీ చెరువుకూ నడుమ తిరుగుతున్నయని తేలింది. అమెరికాల మిసిసిపీ నది మీద ఆల్టన్ అనే ఊరికాడ, నడి దేశంల, 1937ల బుల్ షార్క్ పట్టుబడ్డది. మరుసటి ఏడు ఆడ డ్యామ్ పూర్తయింది. మలుగుకు మిసిసిపీ ముచ్చట ఎట్ల తెలుసు అని అడగకుండ్రి. ఆత్మకథల ఆ మాత్రం చెల్లుతది.

ఇగ మా గంగ. 1852 నాటికే కాటన్ దొర ధవళేశ్వరం కాడ ఆనకట్ట కట్టించిండు. పైకొచ్చే పులసకు ఆడనే సగం దారి మూసుకపోయింది. దాని పైన పాపికొండల ఇరుకు, ఆ పైన దుమ్ముగూడెం రాళ్లు, ఇచ్చంపల్లి రాళ్లు. ఈ రాళ్లను దాటించి పడవలు నడపాలని 1860లల్ల హేగ్ దొర కాలువలు తవ్వించి, లాకులు కట్టించిండు. చివరికి ఆ పని మధ్యల్నే ఆగింది. దొరల పడవ ఎక్కలేని రాళ్లను సొర మాత్రం ఏం ఎక్కుతది? ఇప్పుడైతే మేడిగడ్డ, అన్నారం, సుందిళ్ల, ఎల్లంపల్లి, వరుసగ గేట్లే. కాళేశ్వరం మోటార్లతోని నీళ్లు కిందికెళ్లి మీదికి వచ్చినయి. అదే దారిన ఎక్కి వచ్చిన చేపను నేను చూడలే. పోలవరంల పులస కోసమని చేపల నిచ్చెన పెట్టిండ్రు, సంతోషమే. మా దాక రావాలంటే అసొంటి నిచ్చెనలు ఎన్ని కావాల్నో!

సొర రాదు, సరే. నా బాధ నా దారి గురించి. ఎగువన పోచంపాడు, దిగువన ఎల్లంపల్లి, నడుమ దొరికినంత మేర నాది. ఐయూసీఎన్ పట్టికల వాలుగ ముప్పులున్న జాతుల్ల చేరింది. 2016 నుంచి సర్కారు ఏటేటా చెరువులల్ల, ప్రాజెక్టులల్ల వదిలే పిల్లలు బొచ్చె, రవ్వ లాంటివి. వాటిని మింగే నన్ను ఎవలు పెంచి వదులుతరు? అది తప్పని నేనను. నాకైతే తిండి దొరుకుతున్నది.

2022 జులైల గంగ పోటెత్తింది. ఎగువన కడెం ప్రాజెక్టు కట్ట ఉంటదో తెగుతదో అని మనుషులు రాత్రంత మేలుకున్నరు. గేట్లు లేచినయి. మలుగు ఒళ్లు వెండి రంగు తిరిగింది, అంటే సముద్రానికి పోయే ఈడు వచ్చినట్టు. పోతున్న అన్నది. దాని తర్వాత కొత్త మలుగు ఏదీ నా బొరియ దిక్కు రాలే.

ఎర్రనీళ్లల్ల అది మలుపు తిరిగే ముందర నేను ఒక మాట చెప్పి పంపిన. "ఆడ సొర కనబడితే, నీ పేరు మీద బీర్పూర్ల ఒకతి తిరుగుతున్నదని చెప్పు."

"మాట చెప్పేదాక నన్ను బతకనిస్తదా?" అన్నది మలుగు.