మాసికకు మహర్దశ

గని కార్మికుడి పాత ప్యాంటు ఎంత పలుకుతుంది? గోదావరిఖనిలో అయితే అది బండి తుడవడానికి కూడా పనికిరాదంటారు, బొగ్గు మసి ఎంత ఉతికినా వదలదు కనక. అమెరికాలో 2022లో, పాడుబడ్డ గనిలో దొరికిన 1880ల నాటి లీవైస్ ప్యాంటు ఒకటి వేలంలో 76 వేల డాలర్లు పలికింది. దాని మీద కొవ్వొత్తి మైనం మరకలు. జేబు లోపలి గుడ్డ మీద, తెల్లవాళ్ల చేతులు కుట్టిన సరుకు ఇదొక్కటే అని అచ్చు. చైనా కూలీలు రాకుండా 1882లో చట్టం చేసుకున్న రోజులు లెండి. బట్టల కంపెనీకి ‘సదుద్దేశం’ ఉండడం ఇవాళ కొత్తగా పుట్టిన ముచ్చట కాదని తెలియడానికి ఆ ఒక్క జేబు చాలు.

ఇప్పటి సదుద్దేశం పాట వేరు. కొత్తవి కొనకండి, చినిగినవి కుట్టించుకోండి, పాతవి మళ్లీ తొడగండి. పాడేది ఎవరయ్యా అంటే కొత్తవి అమ్మేవాళ్లే. సారా కాంట్రాక్టరు మద్యనిషేధ సభకు అధ్యక్షత వహించినట్టుంది. 2011 నవంబరులో పటగోనియా కంపెనీ ‘ఈ జాకెట్ కొనొద్దు’ అని న్యూయార్క్ టైమ్స్‌లో ప్రకటన వేసింది. జనం శ్రద్ధగా చదివారు. మరుసటి ఏడాది ఆ కంపెనీ అమ్మకాలు పెరిగాయి. అయినా ఆ కంపెనీ నిజంగానే చినిగినవి బాగుచేసి ఇస్తుంది, 2022లో దాని యజమాని కంపెనీనే ట్రస్టుకూ పర్యావరణ సంస్థకూ రాసిచ్చేశాడు కాబట్టి దాన్ని వదిలేస్తాను. నా గొడవ దాని వెనక బయల్దేరిన మందతో.

హెచ్ అండ్ ఎం బట్టల కంపెనీ వారు 2013 నుంచి పాత బట్టల సంచీ తీసుకుని కూపను చేతిలో పెడుతున్నారు. ఎందుకు? కొత్త బట్టలు కొనడానికి! మా వాడకట్టుకు స్టీలు సామాన్ల గంపతో వచ్చే ఆమె ఇంతకంటే నయం. చీరను ఎండకు ఎత్తిపట్టి చిరుగులు వెతుకుతుంది, జరీ అంచును గోటితో గీకి చూస్తుంది, నాలుగు చీరలకు ఒక గిన్నె అంటుంది, మనం మూతా కావాలంటాం, ఆమె ఇంకో ప్యాంటు వేయమంటుంది. బేరం తెగితే గిన్నె మనది. భూగోళాన్ని కాపాడుతున్నానని ఆమె ఏనాడూ అనలేదు, ఇంకో చీర కొంటేనే గిన్నె అనీ అనలేదు.

పాతవి పుచ్చుకునేవాళ్లు సరే, పాతదనాన్నే అమ్మేవాళ్లూ ఉన్నారు. 2017లో నార్డ్‌స్ట్రామ్ అనే అమెరికా దుకాణం బురద అంటినట్టు కనిపించే జీన్సు 425 డాలర్లకు అమ్మకానికి పెట్టింది. ఉతికినా పోని దొంగ బురద! అయ్యలారా, మా గోదావరిఖనికి రండి. ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగ్ అయిన పూట దండెం మీద తెల్లంగి ఆరేయండి. అసలు సిసలు సరుకు, ఉచితం.

ఇక్కడ అంగి చరిత్ర ఎవరూ రాయలేదు కాని రాయదగ్గదే. పెద్దోడిది చిన్నోడికి, చిన్నోడిది దిండు గలీబుకు, మిగిలింది బొంతలోకి, బొంత చివికితే మసిగుడ్డకు. ఇందులో ఉద్దేశం ఏమీ లేదు, జీతం ఒకటో తారీఖు దాకా చాలకపోవడమే ఉంది. అలాగని ఖని అంతా ఒకటే అనుకోకండి. 2024 సెప్టెంబరులో సింగరేణి బొగ్గు కంపెనీ లాభాల వాటా పర్మినెంటు కార్మికుడికి సగటున లక్షా 90 వేలు, కాంట్రాక్టు కార్మికుడికి 5 వేలు. దసరాకు లక్ష్మీనగర్ బట్టల దుకాణాల్లో కొత్త అంగీ ఎవరు కొంటారో, మోకాలి మాసిక ఎవరు వేయించుకుంటారో ఆ రెండు అంకెలే చెబుతాయి. రెండోవాడి మాసిక పేదరికం. హైదరాబాదు మాల్‌లో అదే మాసిక వేరే రంగు దారంతో వేసి, పేరు పెట్టి అమ్మితే సంస్కారం.

ఫ్రాన్సులో 2023 చివర్లో, బట్ట బాగుచేయించుకుంటే 6 నుంచి 25 యూరోల దాకా రాయితీ ఇవ్వడం మొదలుపెట్టారు. అక్కడ కుట్టే చేతికి కూలి ఎక్కువ, కొత్త చొక్కా చౌక. ఇక్కడ కుట్టే చేతికి కూలి తక్కువ, అందుకే మనం పుట్టు పర్యావరణ ప్రేమికులం! సింగరేణి సేవా సమితి కార్మికుల ఇళ్లలోని ఆడవాళ్లకు కుట్టుపని నేర్పుతుంది, మంచిదే. నేర్చిన చేతులకు ఎక్కువగా దొరికేది ఫాల్, పికో, జిప్పు మార్చడం. సదుద్దేశ కంపెనీల వెబ్‌సైట్లలో భూమాత బొమ్మ ఉంటుంది, ఈ జిప్పు కూలి ఎంతుండాలో ఉండదు.

వాళ్ల సరుకు సంగతి ఇంకో ముచ్చట. ఖనిలో ఏ జాకెట్టయినా తిరగేసి చూడండి, పక్కన మూడు నాలుగు కుట్లుంటాయి. ఒళ్లొస్తే ఒకటి విప్పుకోవాలి, చిక్కితే మళ్లీ వేసుకోవాలి. పండగ అరిసెలు, కాన్పులు, షుగరు జబ్బు, అన్నీ ముందే ఆలోచించి వేసిన కుట్లవి. రెడీమేడ్ టాపు పట్టుకెళ్లి వదులు చేయమంటే మా దర్జీ తిరగేసి, ఓవర్‌లాక్ చూపించి, “ఇండ్ల లోపట గుడ్డనే లేదక్కా, ఏడికెల్లి విప్పాలె?” అంటాడు. బాగుచేయడానికి వీల్లేకుండా కుట్టి, బాగుచేసుకోమని బోధించడం ఏ శాస్త్రంలో ఉందో!

కాబట్టి సదుద్దేశ వ్యాపారులకు మా విన్నపం. పక్క కుట్టు లోపల అంగుళం గుడ్డ వదలండి. కాలరు తిప్పి కుట్టుకునే వీలుంచండి. జిప్పు ఊడితే అదే కొలతది మా చౌరస్తాలో దొరికేట్టు చూడండి. దీనికో ముప్పై రూపాయలు ఎక్కువేసుకోండి, ఇస్తాం. భూగోళం బొమ్మున్న ఆ ట్యాగు మాత్రం తీసేయండి, మెడ దగ్గర ఒకటే దురద.