మాల్‌ఖానా మూషికం

కొండను తవ్వి ఎలుకను పట్టడం మనకు సామెత. జార్ఖండ్‌లో అది కోర్టు రికార్డు. 2018 డిసెంబర్‌లో ధన్‌బాద్ జిల్లా రాజ్‌గంజ్ పోలీసులు 10 కిలోల భంగు, 9 కిలోల గంజాయి పట్టుకున్నారు. సరుకు ఏదయ్యా అని కోర్టు అడిగితే, పట్టిన సరుకు దాచే స్టేషన్ మాల్‌ఖానాలో ఎలుకలు మొత్తం తినేశాయని 2024 ఏప్రిల్‌లో నివేదిక ఇచ్చారు. రాంచీ ఎలుకలది ఇంకా పెద్ద కడుపు. 2022 జనవరిలో ఓర్‌మాంఝీ దగ్గర ఒక వాహనంలో దొరికిన సుమారు 200 కిలోల గంజాయిని, దాదాపు కోటి రూపాయల సరుకును, అవి ఆరగించాయన్నారు. 2025 డిసెంబర్‌లో ఆ కేసు నిందితుడు నిర్దోషిగా ఇంటికి వెళ్లాడు.

మా జంషెడ్‌పూర్ నుంచి రాంచీ 130 కిలోమీటర్లు. ఇక్కడి ఎలుకలకు అంత పేరున్నట్టు వినలేదు గానీ, సరుకుకు మాత్రం లోటు లేదు. ఖర్‌కాయి వంతెన దాటితే ఆదిత్యపూర్. అక్కడి బ్రౌన్ షుగర్ పుడియాల, అంటే చిన్న పొట్లాల, వార్తలు చదివీ చదివీ ఊరికి విసుగొచ్చింది. ప్రెస్‌మీట్ ఎలా ఉంటుందో పత్రిక తెరవకుండానే చెప్పొచ్చు. బల్ల మీద వరసగా పుడియాలు, చిన్న డిజిటల్ కాటా, నాలుగు సెల్‌ఫోన్లు, నలిగిన వంద నోట్లు కొన్ని. వెనక గమ్ఛా ముసుగుల్లో కుర్రాళ్లు. వాళ్ల వెనక నిటారుగా పోలీసులు. శీర్షిక సిద్ధం: ముఠా గుట్టురట్టు! ఆ బల్ల మీదికి రానిది ఒక్కటే, ఇంటి దస్తావేజు. పుడియాల డబ్బుతో లేచిన మేడ, కొన్న ఆటోలు, బావమరిది పేరున వేసిన డిపాజిట్, ఇవేవీ ఫొటోలో ఇమడవు కాబోలు.

పోనీ ఎలుకల మీదే కేసు పెడదామా? తిన్నాయి గనుక మత్తు పదార్థాల చట్టం ఎన్‌డీపీఎస్‌లో 27వ సెక్షన్. గంజాయి సేవిస్తే ఆరు నెలల దాకా జైలు, లేదా 10 వేల దాకా జరిమానా, లేదా రెండూ. వ్యసనపరులం, చికిత్స చేయించుకుంటాం అని అవి వాటంతట ముందుకొస్తే 64ఎ సెక్షన్ ఆ పాటి విచారణ కూడా లేకుండా కాపాడుతుంది. దగ్గర పెట్టుకున్నాయి అంటారా, 20 కిలోలు దాటిన గంజాయి వాణిజ్య పరిమాణం. కనీసం పదేళ్లు, గరిష్ఠం ఇరవయ్యేళ్లు, పైన లక్ష నుంచి రెండు లక్షల జరిమానా. రెండేళ్లు బతికే ప్రాణికి పదేళ్లు వేస్తే, మిగతా ఎనిమిదేళ్లు దాని మునిమనవళ్లు అనుభవించాలి.

మనుషుల్లో ఆ పదేళ్లు ఎవరికి రాసిపెట్టి ఉంటాయో అందరికీ తెలుసు. చింతపల్లి, మల్కన్‌గిరి కొండల్లో బస్తాలు ఎక్కించుకుని, ట్రిప్పుకు ఇంతని కూలి మాట్లాడుకుని ఉత్తరాదికి బయల్దేరిన డ్రైవర్‌కు. వాణిజ్య పరిమాణమని తేలాక, న్యాయమూర్తికి జాలి కలిగినా పదేళ్లకు తగ్గించి రాయడానికి వీల్లేదు. బస్తా ఎవరిదో ఆ మహానుభావుడు మాత్రం కాగితాల్లో శాశ్వతంగా ‘పరారీ’. ఒకవేళ చిక్కినా ఆ లక్ష, రెండు లక్షల జరిమానా 1985 నాటిది. కోటి రూపాయల సరుకు తిప్పేవాడికి అది దారి ఖర్చులో పోతుంది.

డబ్బును పట్టుకునే చట్టం లేదా అంటే, భేషుగ్గా ఉంది. 1989లోనే ఎన్‌డీపీఎస్‌లో ఐదు-ఎ అధ్యాయం చేర్చారు. మత్తు సొమ్ముతో కొన్న ఆస్తిని స్తంభింపజేయొచ్చు, జప్తు చేయొచ్చు. చుట్టాల పేర ఉన్నా సరే. అది అక్రమార్జన కాదని నిరూపించుకోవలసింది కూడా ఆస్తిపరుడే. చాలదంటే 2002 నాటి మనీలాండరింగ్ చట్టం ఉంది. మిగతా నేరాల సొమ్ముకు గరిష్ఠం ఏడేళ్లయితే మత్తు సొమ్ముకు పదేళ్లు.

ఇక్కడే ఎలుక అసలు ప్రతిభ బయటపడుతుంది. మూలనేరంలో నిర్దోషిగా తేలినవాడి మీద మనీలాండరింగ్ కేసు నిలవదని 2022 జూలై 27న విజయ్ మదన్‌లాల్ చౌదరి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. న్యాయమైన మాటే. నేరమే లేనప్పుడు నేరపు సొమ్మెక్కడిది? కానీ ఆ తీర్పును మాల్‌ఖానా గుమ్మంలో నిలబడి చదవండి. ఎలుక బస్తా తింది. బస్తా లేదు గనుక సాక్ష్యం లేదు. సాక్ష్యం లేదు గనుక నేరం లేదు. నేరం లేదు గనుక మేడ, ఆటోలు, బావమరిది డిపాజిట్ సమస్తం ధర్మార్జితం. హవాలా అక్కర్లేదు, డొల్ల కంపెనీ అక్కర్లేదు, ఆడిటర్‌కు ఫీజు అక్కర్లేదు. నల్లెలుక చర్మం ఎన్నాళ్లు రేవులో బాదినా రంగు మారదని వేమన తేల్చేశాడు. పాపం, ఆయన చర్మం దాకానే ఆలోచించాడు. అదే ఎలుక ఎదుటివాడి డబ్బును తెల్లగా ఉతికి ఆరేయగలదని ఆయనకేం తెలుసు?

అయినా ఎలుకను అని లాభం లేదు. దానికి ఏళ్ల తరబడి విస్తరి వేసి కూర్చోబెట్టమని చట్టం చెప్పలేదు. 52ఎ సెక్షన్ ప్రకారం మేజిస్ట్రేట్ ఎదుట జాబితా రాసి, ఫొటోలు తీసి, నమూనాలు తీసి ధ్రువీకరిస్తే అవే విచారణలో ప్రాథమిక సాక్ష్యం. మిగతా సరుకును తీర్పు దాకా కాపలా కాయనక్కర్లేదు, తగలబెట్టొచ్చు. పట్టిన సరుకు మాయమై మళ్లీ బజారుకు చేరుతుందన్న బెంగతోనే 2016 జనవరిలో మోహన్‌లాల్ కేసులో సుప్రీంకోర్టు ఈ పని వెంటనే చేయమంది. 2022 డిసెంబర్‌లో కేంద్రం విడిగా నియమాలే తెచ్చింది. అంతకు నెల ముందే మథురలో 581 కిలోల గంజాయి ఎలుకల పాలైందని పోలీసులు చెబితే, అవి తిన్నట్టు రుజువు తెమ్మంది అక్కడి కోర్టు. ఎలుకలు చిన్న జీవాలనీ, వాటికి పోలీసులంటే భయం లేదనీ అప్పుడే లోకానికి తెలిసింది. మనుషుల్లో ఎవరెవరికి భయం లేదో ఇంకా తెలియాలి.

చేయలేని పనా ఇది? ఓర్‌మాంఝీ బస్తాలు మాల్‌ఖానాకు చేరిన మరుసటి నెలే, 2022 ఫిబ్రవరి 12న, అనకాపల్లి దగ్గర కోడూరులో ఆంధ్రప్రదేశ్ పోలీసులు 2 లక్షల కిలోల గంజాయిని అందరూ చూస్తుండగా కాల్చేశారు. అక్కడ రెండు లక్షల కిలోలకు దొరికిన అగ్గిపుల్ల ఇక్కడ రెండు వందల కిలోలకు దొరకలేదు. మా ఊళ్లో కర్మాగారం గేటు దాటే తుక్కు లారీకి కూడా కాటా చీటీ ఉంటుంది. లెక్క తేడా వస్తే గేటు దగ్గరే ఆపి నిలదీస్తారు, ఇనుమును ఎలుక కొరికిందంటే ఎవరూ ఒప్పుకోరు. తుక్కుకు ఉన్న లెక్క సాక్ష్యానికి లేకపోవడం ఏమిటి?

కనుక స్టేషన్ అధికారులకు ఒక విన్నపం. ప్రెస్‌మీట్ బల్ల మీద పుడియాల పక్కన ఆస్తి స్తంభన ఉత్తర్వు కూడా పెట్టండి. సరుకు మాయమైతే ఎలుక పేరు రాసే చోట మాల్‌ఖానా బాధ్యుడి పేరు రాయండి. ఎలుకల మందు కొనడానికి టెండర్లు పిలవకండి, పిల్లిని పెంచడానికి నిధులు అడగకండి. పట్టిన వారంలోనే మేజిస్ట్రేట్‌ను పిలవండి, చాలు.